ప్రధాని సంతకం దగ్గర ఆగిపోయే చట్టం

ఎవరి స్మృత్యర్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ న్యాయవాది తన వృత్తిజీవితమంతా ప్రభుత్వంతో తగవు పడ్డ సామాన్యుడి పక్షానే నిలబడ్డారు. అందుకే ఈ సాయంత్రం ఒక చిన్న ద్వీపదేశపు చట్టాన్ని ఆ సామాన్యుడి వైపు నుంచి చదవాలనుకుంటున్నాను. ఆ దేశం మారిషస్. 2,040 చదరపు కిలోమీటర్ల నేల, 12 లక్షల పైచిలుకు జనం. ఉగాదికి దేశమంతటా సెలవిచ్చే విదేశంగా తెలుగువాళ్లకు దాని పేరు తెలుసు. వ్యక్తిగత సమాచార రక్షణకు మనకంటే 19 ఏళ్ల ముందే చట్టం చేసుకున్న దేశమని తెలిసినవారు తక్కువ. ఆ చట్టం మంచిదే. బ్యాంకును, హోటలును, ఆసుపత్రిని, కాల్‌సెంటర్‌ను గట్టిగానే కట్టడి చేస్తుంది. సమాచారం పోగేసేది ప్రభుత్వమే అయినప్పుడు మాత్రం, దేశభద్రత అన్న మాట వస్తే, ప్రధానమంత్రి సంతకం ఒక్కటి చాలు, చట్టం పక్కకు తప్పుకుంటుంది. నా వాదన ఈ ఒక్క విషయం గురించే. పెద్ద దేశంలో ఇది చట్టంలోని ఒక లోపం అనిపించవచ్చు. చిన్న దేశంలో ఇదే ఆ చట్టపు అసలు పరీక్ష. అందరి వివరాలూ ఒక్కచోట చేర్చగల శక్తి అక్కడ ప్రభుత్వానికి ఉన్నంతగా మరెవరికీ లేదు. ఆ శక్తిని వదిలేసి మిగతావాళ్లను కట్టడి చేసే చట్టం పౌరుడికి ఇచ్చే రక్షణ సగమే.

ఆ ద్వీపంలో మనుషుల వివరాలు రాసిపెట్టుకోవడం కంప్యూటర్లతో మొదలు కాలేదు. 1834 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం చెరకు తోటల్లో పనికి భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను తరలించింది. మరుసటి ఏడాది బానిసత్వం రద్దయ్యాక ఆ తరలింపు ఊపందుకుంది. 20వ శతాబ్దం తొలినాళ్ల వరకు 4.5 లక్షల మందికి పైగా పోర్ట్ లూయీ రేవులో దిగారు. వాళ్లలో మన కోస్తా తెలుగువారు వేలల్లో ఉన్నారు. కోరంగి రేవులో ఓడ ఎక్కినవాళ్ల వల్ల తెలుగువారికి అక్కడ కోరంగీలు అన్న పేరే పడింది. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు. రిజిస్టరులో ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, జిల్లా, ఊరు. 1860లలో ఫొటో కూడా చేరింది. 1867లో వచ్చిన కార్మిక చట్టం ఒప్పందం గడువు తీరి స్వేచ్ఛ పొందిన పాత కూలీ కూడా ఫొటో అంటించిన పాసు దగ్గర ఉంచుకోవాలని శాసించింది. పాసు చూపలేనివాణ్ణి దిమ్మరిగా లెక్కగట్టి పోలీసులు పట్టుకుపోయేవారు. అలా వేలమంది అరెస్టయ్యారు. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోటయజమాని సాయంతో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు విజ్ఞాపన పెట్టుకున్నారు. దాని మీద లండన్ ఒక రాయల్ కమిషన్ వేసింది. 1875లో వచ్చిన ఆ కమిషన్ నివేదిక కూలీల ఫిర్యాదుల్లో నిజం ఉందని తేల్చింది.

ఈ చరిత్రను అలంకారానికి తేలేదు. ఆ పాసు విధానాన్ని సమర్థించిన వాదనలు ఇవాళ గుర్తింపు కార్డుకు, సిమ్ నమోదుకు, నిఘా కెమెరాకు చెబుతున్న వాదనలే. శాంతిభద్రతలు, మోసాల నివారణ, ఎవరు ఎవరో తెలియాల్సిన అవసరం. ఆనాడు కూడా రిజిస్టరులో రాసినవి చాలామటుకు నిజాలే. ఎవరి గురించి రాశారో వాళ్లకు ఆ రాత మీద ఏ అధికారమూ లేకపోవడం, పాసును వాడుకునే పోలీసుకు పైన అడిగేవాడు లేకపోవడం, అసలు అన్యాయం అక్కడుంది. అవే రిజిస్టర్లు ఇప్పుడు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. తమ ముత్తాత ఏ ఊరివాడో తెలుసుకోవాలని మారిషస్ తెలుగువారు ఆ కాగితాల్నే ఆశ్రయిస్తారు. ఒకనాడు తమవాళ్లను వేటాడిన రాతలు ఇవాళ వాళ్లకు వంశవృక్షాలయ్యాయి. కాగితం అదే. అది ఎవరి చేతిలో ఉంది, ఆ చేతిని అదుపు చేసేది ఎవరు అన్న దాన్ని బట్టే దాని మంచిచెడ్డలు.

ఇక చట్టం సంగతి. 2000 దశకం మొదట్లో మారిషస్ చక్కెరను, బట్టల మిల్లులను నమ్ముకుని ముందుకు పోలేనని గ్రహించింది. భారత్ ఇచ్చిన రుణసాయంతో ఎబెన్‌లో సైబర్ సిటీ లేచింది. ఫ్రెంచ్, ఇంగ్లిష్ రెండూ వచ్చిన యువత ఉంది కనుక యూరప్ కంపెనీల కాల్‌సెంటర్లు, లెక్కల పనులు అక్కడికి వచ్చాయి. ఆఫ్‌షోర్ బ్యాంకింగ్ పెరిగింది. యూరప్ పౌరుల వివరాలు ఈ దేశానికి చేరాలంటే ఇక్కడ వాటికి రక్షణ ఉండాలని యూరప్ పట్టుబట్టింది. 2004లో మొదటి డేటా రక్షణ చట్టం వచ్చింది గానీ 2009 దాకా పూర్తిగా అమలు కాలేదు. 2016లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ వారి సమాచార రక్షణకు సంబంధించిన 108వ ఒడంబడికను మారిషస్ ఆమోదించింది. యూరప్ వెలుపలి దేశాల్లో ఉరుగ్వే తర్వాత ఆ పని చేసిన రెండో దేశం ఇదే. ఆ ఒడంబడిక కొత్త రూపాన్ని కూడా 2020లో ఆమోదించింది. యూరోపియన్ యూనియన్ కొత్త నిబంధనలు 2018 మే 25న అమలులోకి రాబోతుంటే, వాటిని ముందే అందుకుని 2017 చివర్లో కొత్త చట్టం చేసి, 2018 జనవరి 15 నుంచే అమలు చేసింది. సమాచారం లీకైతే 72 గంటల్లో డేటా రక్షణ కమిషనర్‌కు తెలపాలి. 16 ఏళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ప్రమాదం ఎక్కువున్న పనుల్లో ముందే ప్రభావాన్ని అంచనా వేయాలి. నేరం రుజువైతే రెండు లక్షల మారిషస్ రూపాయల వరకు జరిమానా, ఐదేళ్ల వరకు జైలు. చిన్న దేశం ఇంత శ్రద్ధగా చట్టం రాసుకోవడాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. ఆ శ్రద్ధకు ప్రేరణ ఎక్కడిదో మాత్రం గమనించాలి. చట్టాన్ని ఒప్పించాల్సింది ప్రధానంగా బ్రస్సెల్స్‌లోని అధికారులను, వ్యాపారం తెచ్చే కంపెనీలను. వాళ్లు ఏ ప్రశ్నలు అడిగారో ఆ ప్రశ్నలకు జవాబులు బాగా కుదిరాయి. రోజ్‌హిల్‌లోనో మాహేబుర్గ్‌లోనో ఉండే పౌరుడు అడగాల్సిన ప్రశ్నలకు జవాబులు అంత బాగా కుదరలేదు.

ఆ తేడా బయటపడేది 44వ సెక్షన్‌లో. దేశభద్రత, రక్షణ, ప్రజాభద్రత కోసం ఏదైనా నిబంధనను పక్కన పెట్టాల్సిన అవసరం ఉందని ప్రధానమంత్రి అభిప్రాయపడితే ఆ సమాచారానికి చట్టం నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఎప్పుడైనా కోర్టులో ఈ ప్రశ్న లేస్తే, ప్రధానమంత్రి సంతకంతో వచ్చిన ధ్రువపత్రమే తిరుగులేని సాక్ష్యం. అవసరం నిజంగా ఉందా, ఎంతమేరకు ఉంది, ఎన్నాళ్లు ఉంటుంది అని విచారించే అవకాశాన్ని ఆ ఒక్క మాట మూసేస్తుంది. ఇది మారిషస్ కనిపెట్టింది కాదు. బ్రిటన్ 1998 చట్టంలోని 28వ సెక్షన్‌లో మంత్రి ధ్రువపత్రానికి ఇలాంటి బలమే ఉండేది. అయితే అదే సెక్షన్‌లో, నష్టపోయినవాడు ఆ ధ్రువపత్రం మీద ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చని కూడా ఉండేది. అది కాగితం మీది హక్కుగా మిగిలిపోలేదు. తన మీద ఫైలు ఉందో లేదో చెప్పమని నార్మన్ బేకర్ అనే పార్లమెంటు సభ్యుడు గూఢచారి సంస్థ ఎంఐ-5ను అడిగితే, ఉందనీ లేదనీ చెప్పం అన్నారు. హోంమంత్రి ధ్రువపత్రం అడ్డుపెట్టారు. 2001 అక్టోబరులో ట్రిబ్యునల్ ఆ ధ్రువపత్రాన్ని కొట్టేసింది. ఒక్కో అభ్యర్థననూ విడిగా చూడకుండా అన్నిటికీ కలిపి తలుపు మూసేయడం కుదరదంది. బ్రిటన్ భద్రత దానివల్ల కూలిపోలేదు. మారిషస్ చట్టంలోకి ధ్రువపత్రం వచ్చింది, దాని మీద అప్పీలు రాలేదు. రాజ్యాంగం 17వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకు వెళ్లే దారి ఉందని అనవచ్చు, ఉంది. కానీ ఆ దారిన వెళ్లాలంటే తన వివరాలు సేకరించారనీ, దానికి ధ్రువపత్రం ఉందనీ ముందు ఆ పౌరుడికి తెలియాలి.

కోర్టులు ఏమీ చేయలేవని నేను అనడం లేదు. చేయగలవని చెప్పడానికి మారిషస్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. 2013 అక్టోబరులో అక్కడ చిప్పు ఉన్న కొత్త జాతీయ గుర్తింపు కార్డు వచ్చింది. పెద్దవాళ్లంతా వేలిముద్రలు ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా, జైలు. ముద్రలన్నీ ఒక కేంద్ర భాండాగారంలో చేరతాయి. దీన్ని సవాలు చేసిన వాటిలో మాధేవూ అనే పౌరుడి కేసు ఒకటి, అప్పటికి ప్రతిపక్షంలో ఉన్న ప్రవింద్ జగన్నాథ్ కేసు మరొకటి. 2015 మే 29న సుప్రీంకోర్టు రెండు భాగాలుగా తీర్పిచ్చింది. వేలిముద్ర తీసుకోవడం మనిషి ఒంటిని సోదా చేయడం లాంటిదే అయినా, మోసాల నివారణకు అవసరం కనుక సమర్థనీయమంది. ఆ ముద్రలను కేంద్ర భాండాగారంలో దాచిపెట్టడం మాత్రం రాజ్యాంగ విరుద్ధమంది. ఎవరు తీసి చూడవచ్చు, ఎంతకాలం ఉంచవచ్చు, దుర్వినియోగం జరిగితే అడ్డుకునేదెవరు అన్న వాటికి చాలినంత రక్షణ లేదన్నది కారణం. ప్రభుత్వం భాండాగారాన్ని చెరిపేసింది, ముద్రను కార్డు చిప్పులో మాత్రం ఉంచింది. మాధేవూ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లారు. 2016 అక్టోబరు 31న అక్కడ అప్పీలు వీగిపోయింది. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీకి వెళ్తే 2021లో అభిప్రాయం ఆయన పక్షాన వచ్చింది. కార్డు పోయినా, ఎవరైనా కొట్టేసినా, చిప్పులోని ముద్రను కాపీ చేయకుండా ఏ ఏర్పాటు ఉందో ప్రభుత్వం సరిగా చెప్పలేకపోయిందనీ, అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో గోప్యతను కాపాడే 17వ అధికరణం ఉల్లంఘన జరిగిందనీ కమిటీ తేల్చింది. ఈ మొత్తం కథలో గమనించాల్సింది ఒకటుంది. కోర్టు గెలిపించగలిగింది ఎందుకంటే కార్డు పథకం బహిరంగమైనది. చట్టం అచ్చయింది, వేలు పెట్టమన్న యంత్రం కళ్లెదుట ఉంది, కాదన్నవాడికి శిక్ష ఏమిటో తెలుసు. వాదించడానికి అన్నీ బయటే ఉన్నాయి. భద్రత పేరుతో జరిగే సేకరణలో ఇవేవీ బయట ఉండవు.

తర్వాతి ఏళ్లలో జరిగినవి ఈ మాటను బలపరిచాయి. 2021 ఏప్రిల్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ఐసీటీఏ ఒక ప్రతిపాదన ప్రచురించింది. ద్వీపంలోని సోషల్ మీడియా రాకపోకలన్నిటినీ ప్రభుత్వ సర్వర్ గుండా మళ్లించి, తాళం తీసి, చూసి, మళ్లీ తాళం వేసి పంపాలన్నది ఆలోచన. క్రియోల్ భాషలో వచ్చే దూషణల మీద ఫిర్యాదు చేస్తే విదేశీ కంపెనీలు సరిగా పట్టించుకోవడం లేదన్నది చెప్పిన కారణం. ఆ ఇబ్బంది నిజమే. దాని విరుగుడుగా దేశంలోని ప్రతి ఉత్తరాన్నీ విప్పాలనడం మీద దేశంలో, బయటా ఎంత నిరసన వచ్చిందంటే ఆ ప్రతిపాదన ముందుకు సాగలేదు. 2022లో ఇంతకంటే తీవ్రమైన వివాదం. మారిషస్ టెలికాం ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవికి రాజీనామా చేసిన వ్యక్తి, సముద్రగర్భ కేబుల్ ఒడ్డుకు చేరే బే ద్యు జాకోతె కేంద్రంలోకి బయటి నిపుణులను అనుమతించమని ప్రధానమంత్రి తనను ఆదేశించారనీ, ఇంటర్నెట్ రాకపోకలను వడగట్టే పరికరం కోసమే అదంతా అనీ ఆరోపించారు. ఆ నిపుణులు భారత్ నుంచి వచ్చినవారు. అది దేశభద్రతకు సంబంధించిన సర్వే మాత్రమేననీ, భారత ప్రధానిని తానే సాయం కోరాననీ అప్పటికి ప్రధానమంత్రిగా ఉన్న ప్రవింద్ జగన్నాథ్ జవాబిచ్చారు. ఆరోపణ నిజమా, జవాబు నిజమా అన్నది నేను ఇక్కడ తేల్చలేను. నా ప్రశ్న వేరు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చే అధికారం, సామర్థ్యం, స్వతంత్రత మూడూ ఉన్న సంస్థ ఆ దేశంలో ఏది? ధ్రువపత్రం ఇవ్వగల వ్యక్తీ, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తీ ఒక్కరే అయినప్పుడు చట్టం మౌనం వహించక తప్పలేదు. ఇంకోమాట కూడా చెప్పుకోవాలి. అంతకు కొన్నేళ్ల ముందు వేలిముద్రల భాండాగారం మీద కోర్టుకు ఎక్కిన నాయకుడే ఈయన. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు చట్టపు లోటు కనబడినవారికి అధికారంలోకి వచ్చాక దాన్ని పూడ్చే తొందర ఉండదు. ఇది ఒక వ్యక్తి స్వభావం మీద చేసే నింద కాదు. అధికారం ఎవరి చేతిలో ఉన్నా ఇంతే. అందుకే వ్యక్తుల మంచితనం మీద ఆధారపడని ఏర్పాటు కావాలంటున్నాను.

2023 అక్టోబరు చివర్లో సిమ్ కార్డుల పునర్నమోదు మొదలైంది. ప్రతి ఒక్కరూ గుర్తింపు కార్డుతో పాటు ఫొటో ఇవ్వాలన్నారు. మరుసటి ఏడాది అక్టోబరులో, సార్వత్రిక ఎన్నికలు ముంచుకొస్తుండగా, మిస్యే ముస్తాస్ అన్న పేరుతో ఒక అజ్ఞాత ఖాతా ఫోన్ సంభాషణలను బయటపెట్టసాగింది. రాజకీయ నాయకులు, విలేకరులు, పోలీసు అధికారులు, చివరికి బ్రిటిష్ హైకమిషనర్ మాట్లాడిన మాటలు కూడా వాటిలో ఉన్నాయని వార్తలు వచ్చాయి. ఆ రికార్డింగులు కృత్రిమ మేధతో వక్రీకరించినవని ప్రభుత్వం అంది. నవంబరు 1న, పోలింగు మర్నాడు 11వ తేదీ దాకా సోషల్ మీడియాను మూసేయమని ఐసీటీఏ ఆదేశించింది. నిరసన వెల్లువెత్తగా మర్నాడే ఆ ఆదేశం వెనక్కి తీసుకున్నారు. నవంబరు 10న ఓటర్లు నేరుగా ఎన్నుకునే 62 స్థానాల్లో 60 ప్రతిపక్ష కూటమికి దక్కాయి. ఆ ఫలితానికి ధరలూ, ఇతర కారణాలూ ఉన్నాయి. అయినా తన ఫోను ఎవరో వింటున్నారన్న అనుమానం జనంలో ఎంత లోతుకు వెళ్లిందో ఆ ఎన్నిక చెప్పింది. అలాంటి వ్యవహారాన్ని పౌరులు బ్యాలెట్ పెట్టె ద్వారా తీర్చుకోవాల్సి వచ్చిందంటే, సమాచార రక్షణ చట్టం ఉండి కూడా అక్కరకు రాలేదనే అర్థం.

ఇది ఏ దేశంలోనైనా ఉండే జబ్బే కదా, ద్వీపం అని ప్రత్యేకించి చెప్పడమెందుకు? దేశం చిన్నది కావడం ఇక్కడ రెండు రకాలుగా పని చేస్తుంది. మొదటిది, పేర్లు తీసేస్తే మనిషి దాక్కుంటాడన్న నమ్మకం చిన్న జనాభాలో నిలవదు. మారిషస్‌లో భాగమైన రొడ్రిగ్స్ ద్వీపంలో ఉండేది నలభై వేల పైచిలుకు మంది. అగలేగాలో కొన్ని వందల మంది. అగలేగా నుంచి ఫలానా వయసున్న స్త్రీ ఫలానా అరుదైన జబ్బుకు చికిత్స పొందింది అని ఒక ఆరోగ్య పట్టికలో ఉంటే, పేరు లేకపోయినా ఊరంతటికీ ఆమె ఎవరో తెలిసిపోతుంది. మన దగ్గర హైదరాబాదులో అదే పట్టిక ఎవరినీ పట్టివ్వదు. రెండోది, కాపలా పెట్టాల్సినవాళ్లూ, కాపలాకు లోబడాల్సినవాళ్లూ అక్కడ ఒకే చిన్న వలయంలో ఉంటారు. ఒకే కళాశాలల్లో చదివినవారు, బంధుత్వాలు కలిసినవారు, ఒకే మంత్రిత్వశాఖలో పదోన్నతి కోసం చూసేవారు. డేటా రక్షణ కార్యాలయం ఎవరి ఆదేశాలకూ లోబడకుండా పనిచేయాలని చట్టం స్పష్టంగానే చెబుతుంది. కానీ ఆ కార్యాలయం సమాచార సాంకేతిక మంత్రిత్వశాఖ నీడన ఉంది. బడ్జెటు, సిబ్బంది అక్కడి నుంచే. తప్పు రుజువైతే శిక్షించే అధికారం కూడా దానికి లేదు. విచారించి, కేసు కోసం పంపాలి.

ప్రభుత్వం చేతికి చిక్కిన వివరం ఎంతకాలం నిలుస్తుందో చెప్పే పాత ఉదాహరణ కూడా ఆ దేశంలోనే ఉంది. మారిషస్ రాజ్యాంగం పౌరులను హిందువులు, ముస్లింలు, చైనీస్ మారిషియన్లు, సాధారణ జనాభా అని నాలుగు వర్గాలు చేసి, ఎన్నికల్లో తక్కువ స్థానాలు దక్కిన వర్గాలకు ఎనిమిది అదనపు సీట్లు పంచుతుంది. వర్గాల వివరాలు రాసుకోవడం సమాజాన్ని చీలుస్తుందని భావించి 1972 తర్వాత జనగణనలో ఆ ప్రశ్న ఎత్తేశారు. ఈ నిర్ణయం చాలా మెచ్చదగినది. వద్దనుకున్న సమాచారం సేకరించకపోవడమే అన్నిటికన్నా గట్టి రక్షణ. కానీ సీట్ల పంపకం మాత్రం ఆగలేదు. 1972 నాటి లెక్కలనే ఇవాళ్టికీ వాడుతున్నారు. అప్పటికి పుట్టని కొట్లాటలకు, పుట్టని ఓటర్లకు ఆ అంకెలే ఆధారం. అభ్యర్థి తన వర్గం చెప్పి తీరాలనడం గురించి 2012లో ఐక్యరాజ్యసమితి కమిటీ మారిషస్‌ను తప్పుపట్టింది. ఒకసారి ప్రభుత్వం చేతికి వెళ్లిన వివరం, సేకరించిన కారణం చచ్చిపోయినా, ఎంత మొండిగా బతుకుతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. అందరికీ అందరూ తెలిసిన ద్వీపంలో గోప్యత అంటూ ఏముంటుంది అనేవారున్నారు. పొరుగువాడికి నా సంగతి తెలిస్తే నాకు అతని సంగతీ తెలుసు. అతను చెప్పింది తప్పైతే ముఖం మీదే అడగగలను. కొంతకాలానికి అతను మరచిపోతాడు కూడా. ప్రభుత్వ సర్వర్‌కు నా సంగతి తెలిస్తే ఈ మూడూ ఉండవు. పైగా ఊళ్లో దాపరికం తక్కువ కాబట్టే, ఉన్న కొద్దిపాటి దాపరికం విలువ ఎక్కువ. డాక్టరుకు చెప్పిన మాట, వకీలుకు చెప్పిన మాట, విలేకరికి చెప్పిన మాట బయటపడితే ఆ మనిషికి వలస పోవడానికి మరో ఊరు ఉండదు, చుట్టూ సముద్రం.

రెండో అభ్యంతరం బరువైనది. మారిషస్‌ను మాదకద్రవ్యాలు నిజంగా పీడిస్తున్నాయి. లామ్ షాంగ్ లీన్ నాయకత్వంలోని విచారణ కమిషన్ 2018లో ఇచ్చిన నివేదిక ఆ వ్యాపారం ఎంత విస్తరించిందో వివరించింది. మారుపేర్లతో తీసుకున్న సిమ్‌లను అరికట్టాలన్న మాట ప్రభుత్వం ఊహించి చెప్పింది కాదు. దేశభద్రత కూడా వట్టి మాట కాదు. సముద్రమే సరిహద్దుగా ఉన్న దేశానికి గూఢచార సమాచారం అవసరమే. కానీ ఈ అవసరానికీ, ప్రధాని ధ్రువపత్రానికీ ముడి లేదు. అదే దేశపు 2001 నాటి సమాచార సాంకేతిక చట్టం 32వ సెక్షన్ చూడండి. ఫోను వినాలంటే పోలీసులు న్యాయమూర్తి దగ్గరకు వెళ్లాలి. ఆయన ఉత్తర్వు 60 రోజులకు మించి చెల్లదు. అంటే నేరాన్ని పట్టుకోవడానికి న్యాయమూర్తి అడ్డు కాదని మారిషస్ శాసనసభే ఒప్పుకుంది. మాదకద్రవ్యాల కేసులో ఒక ఫోను వినడానికి న్యాయమూర్తి కావాలి గానీ, లక్షల మంది వివరాలకు చట్టాన్ని పక్కన పెట్టడానికి అక్కర్లేదా? ఈ రెండు నిబంధనలూ ఒకే శాసనసభ చేసినవి. వాటిని కలిపి చదివితే రెండోదానికి సమర్థన దొరకదు.

చిన్న దేశానికి పూర్తి స్వతంత్ర సంస్థను పోషించే స్తోమత ఉండదన్నది మూడో అభ్యంతరం. మారిషస్ దీనికి ఎప్పుడో సమాధానం ఇచ్చింది. డైరెక్టర్ ఆఫ్ ఆడిట్, అంబుడ్స్‌మన్, ఎన్నికల పర్యవేక్షక కమిషన్, పబ్లిక్ ప్రాసిక్యూషన్ల డైరెక్టర్, అన్నీ రాజ్యాంగం నేరుగా పుట్టించిన పదవులే. స్వాతంత్ర్యం వచ్చిన 1968లో, ఇప్పటికంటే ఎంతో బీదగా ఉన్నప్పుడు, ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసేవాణ్ణి మంత్రి మాటకు అతీతంగా ఉంచాలని ఆ దేశం నిశ్చయించుకుంది. ఖజానా లెక్కకు ఉన్న గౌరవం పౌరుడి వివరాలకు ఇవ్వడానికి డబ్బు అడ్డు కాదు.

మరో ద్వీపదేశం సంగతి కూడా కలిపి చెప్పాలి, ఎందుకంటే అందులో మన పాత్ర ఉంది. జమైకా 2017లో ప్రతి పౌరుడి వేలిముద్రలు తప్పనిసరి చేస్తూ గుర్తింపు చట్టం తెచ్చింది. 2019 ఏప్రిల్ 12న అక్కడి కోర్టు ఆ చట్టాన్ని మొత్తంగా కొట్టేసింది. ప్రధాన న్యాయమూర్తి బ్రయన్ సైక్స్ తన తీర్పులో ఎక్కువగా ఆధారపడింది మన సుప్రీంకోర్టు ఆధార్ కేసులో, 2018 సెప్టెంబరు 26న, జస్టిస్ చంద్రచూడ్ రాసిన అసమ్మతి తీర్పు మీద. మన దగ్గర మైనారిటీగా మిగిలిన వాదన కరీబియన్ సముద్రంలో చట్టమైంది. తీర్పులు అలా సముద్రాలు దాటుతాయి. చట్టాల్లోని లోపాలు కూడా దాటుతాయి.

మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 17వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ తెరిస్తే మారిషస్ 44వ సెక్షన్‌కు దగ్గరి చుట్టం కనబడుతుంది. సార్వభౌమత్వం, భద్రత, శాంతిభద్రతల కోసం ఏ ప్రభుత్వ విభాగానికైనా కేంద్రం నోటిఫికేషన్‌తో మొత్తం చట్టం నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. ఫిర్యాదులు విని జరిమానా వేసే బోర్డు సభ్యులను నియమించేది కూడా కేంద్రమే. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. చట్టం దశలవారీగా అమలులోకి వస్తోంది. మారిషస్ దారిలో మనం ఎక్కడ ఉన్నామో చూసుకోవడానికి ఇది సరైన సమయం. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు కనుక మన కోర్టులకు మారిషస్ కోర్టుల కన్నా గట్టి పునాది ఉంది, నిజమే. అయితే ఆ పునాది మీద చట్టం లోపలే ఒక మెట్టు కట్టవచ్చు. మినహాయింపు నోటిఫికేషన్‌కు గడువు పెట్టడం, ఒక్కో విభాగానికి కారణాలు రాసి పార్లమెంటు ముందుంచడం, నష్టపోయిన పౌరుడు దాని మీద ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే వీలు కల్పించడం. ఈ చివరిది బ్రిటన్‌లో 2001లోనే పనిచేసిన ఏర్పాటు. బోర్డు ఉత్తర్వుల మీద టెలికాం వివాదాల అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి మన చట్టంలో ఇప్పటికే ఉంది. 17వ సెక్షన్ కింద వచ్చే నోటిఫికేషన్‌ను మాత్రం ఆ దారిలో చేర్చలేదు. దాని మీద ఎక్కడ అప్పీలు చేసుకోవాలని అడిగిన పౌరుడికి ఈరోజు న్యాయవాది చూపగలిగింది రిట్ పిటిషన్ ఒక్కటే.